టెక్టైటు పుట్టినిల్లు ఏది?

తొలకరి పడిన మర్నాడు. తుగ్గలి మండలం జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం తలలు వంచి నడుస్తున్నారు. గట్టుమీద వేపచెట్టు కింద రిటైరైన సైన్సు మాస్టారు, జియాలజీ చదివే ఆయన మేనకోడలు. ఆయన చేతిలో థాయిలాండ్ నుంచి ఎవరో తెచ్చిచ్చిన టెక్టైటు: నల్లటి గాజురాయి, కన్నీటిబొట్టు ఆకారం, ఒంటినిండా గుంటలు. ఎండకు పట్టి చూస్తే పలచటి అంచు మాత్రం డికాషన్ రంగులో మెరుస్తోంది.

మామ: ఇది చంద్రుడి ముక్కే పాపా. అక్కడి అగ్నిపర్వతం విసిరింది. నాసాలో పనిచేసిన జాన్ ఓకీఫ్ చివరిదాకా ఈ మాటమీదే నిలబడ్డాడు.

కోడలు: భూమిని పెద్ద ఉల్క గుద్దినప్పుడు ఇక్కడి మట్టీ రాయీ కరిగి, ఎగిరి, గాజై పడిందంటాను మామా.

మామ: మట్టిలో తడి ఉంటుంది కదా? దీంట్లో నీళ్లు 0.02 శాతం లోపే. అంత పొడిగా ఉండేది చంద్రుడే.

కోడలు: 1945లో న్యూమెక్సికోలో అణుబాంబు పేల్చినప్పుడు అక్కడి ఇసుక కరిగి గాజయింది. అదీ బాగా పొడిదే. అంత వేడికి తడి నిలవదు.

మామ: మరి ఆస్ట్రేలియాలో దొరికే గుండీల్లాంటి టెక్టైట్ల సంగతి? చుట్టూ అంచు కట్టి ఉంటాయి. గట్టిపడిన గాజు మళ్లీ మహావేగంతో గాలిలోకి దిగితేనే ఆ అంచు వస్తుంది. నాసా ఇంజనీరు డీన్ చాప్‌మన్ ల్యాబులో గాజు మీదికి వేడిగాలి కొట్టి అచ్చం అలాంటివే తెప్పించాడు.

కోడలు: ఆ అంచు వచ్చిన దారి చెప్తుంది, పుట్టిన ఊరు చెప్పదు. ఇక్కడినుంచే గాలిపొర దాటి ఎగిరి, చల్లారి, తిరిగి పడినా అదే అంచు కడుతుంది. పుట్టిన ఊరు కావాలంటే రాయి లోపల చూడాలి. అపోలో యాత్రలు చంద్రుడి నుంచి తెచ్చిన లావా రాళ్లలో సిలికా 40 శాతం చిల్లర, దీంట్లో 70 దాకా. ఇంకోటి, బెరీలియం-10 అనే ఒక రకం బెరీలియం పరమాణువు. కాస్మిక్ కిరణాల వల్ల పైగాలిలో పుట్టి, వానతో దిగి, పైమట్టిలో చేరుతుంది. ఈ జాతి టెక్టైట్లలో అది దొరికింది. చంద్రుడి మీద వానెక్కడిది మామా?

మామ: (రాయిని వేళ్లమధ్య తిప్పుతూ) అయితే ఆ ఉల్క గుద్దిన గుంత చూపించు. చెకియాలో దొరికే ఆకుపచ్చ మోల్డవైట్లకు జర్మనీలో రీస్ గుంత ఉంది. ఐవరీకోస్టు వాటికి ఘనాలో బొసుమ్‌త్వి చెరువుంది. నా చేతిలో ఉన్నది దాదాపు 7,90,000 ఏళ్లనాటిది, అన్నిటికంటే కొత్తది. చైనా నుంచి ఆస్ట్రేలియా దాకా చల్లిన దెబ్బకు గుంత ఏదీ?

(పక్కనే కూర్చుని విన్న నాకు ఈ వాదనంతటిలో ఇదే గట్టి ప్రశ్న అనిపించింది, మొగ్గు కోడలి వైపే ఉన్నా.)

కోడలు: ఆ మాట నాకూ గుచ్చుకుంటూనే ఉంది. లావోస్‌లో బోలవెన్ పీఠభూమి లావా కింద ఆ గుంత పూడుకుపోయిందని 2020లో ఒక వాదన వచ్చింది, ఇంకా తేలలేదు. కానీ ఈ చేను చూడు. వజ్రకరూరులో వజ్రాల పైపులు, అంటే లోతునుంచి వజ్రాలను పైకి తెచ్చిన రాతి గొట్టాలు, ఉన్నాయి. వజ్రం దొరికిన ప్రతి చేను కిందా పైపు కనబడిందా? కనబడలేదని చంద్రుడి నుంచి పడిందంటామా?

మామ: అనం. (కాసేపాగి) ఆ బెరీలియం ఎక్కడి వాటిలో ఎక్కువ? థాయిలాండ్, లావోస్ వైపా, దూరంగా ఆస్ట్రేలియాలో పడినవాటిలోనా?

కోడలు: ఆస్ట్రేలియావాటిలో.

మామ: అంటే అన్నిటికంటే పైనున్న మట్టి అన్నిటికంటే దూరం ఎగిరింది... ఆ లెక్కలున్న కాగితం రాత్రికి తెచ్చియ్యి పాపా.