రాయి పుట్టిన ఊరు ఏది?

మా ఆవిడ కిడ్నీలో రాయికి అమెరికా నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. మేము శ్రీకాకుళం తిరిగొచ్చి మూడు నెలలైంది. రాయి అంతకు ముందే పోయింది. ఉత్తరాలు మాత్రం న్యూజెర్సీలో మావాడి ఇంటికి వస్తూనే ఉన్నాయి. వాడు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు, నేను కళ్లజోడు తుడుచుకుని చదువుతాను. పైన లావుపాటి అక్షరాల్లో 'ఇది బిల్లు కాదు' అని ఉంటుంది. దాని కిందే 'మీరు కట్టవలసి రావచ్చు' అని డాలర్లుంటాయి. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి వ్యాకరణం చెప్పాను. బిల్లు కాని బిల్లు నఞ్ తత్పురుషం కాబోలు.

ఈసారి వచ్చింది అదీ కాదు, ప్రశ్న. విజిటర్లకని మేము కొనుక్కెళ్లిన ఇన్సూరెన్సు కంపెనీ అడుగుతోంది: ఈ రాయి పాలసీ తేదీకి ముందే ఉందా? ఉంటే పాత జబ్బు, పైసా ఇవ్వరు. లేదని రుజువుగా రెండేళ్ల రికార్డులు పంపాలి.

న్యాయమే. రాయన్నాక దానికో జన్మస్థలం ఉండాలి. మీసేవలో దరఖాస్తు పెడతాం. వీఆర్వో విచారణకొస్తాడు. ఇరుగుపొరుగు ఇద్దరు సాక్షి సంతకం పెడతారు: 'సదరు రాయి శ్రీకాకుళంలో ఉన్నట్టు మా ఎరుకలో లేదు.' అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలపమని ఆఫీసు గోడకి నోటీసు అంటిస్తారు. నాగావళి నీళ్లకి పుట్టిందా, న్యూజెర్సీ కుళాయి నీళ్లకి పుట్టిందా అన్నది తేలేసరికి మూడు ఫైళ్లవుతాయి.

పోనీ అక్కడే పుట్టిందనుకుందాం. అయితే ఇంకో చిక్కు. అమెరికా రాజ్యాంగానికి 1868లో చేసిన పద్నాలుగో సవరణ ప్రకారం ఆ గడ్డ మీద పుడితే పౌరసత్వం. మావాడు పన్నెండేళ్లుగా గ్రీన్ కార్డు లైనులో నిలబడి ఉన్నాడు. వాళ్లమ్మ కిడ్నీలో రాయి ఆర్నెల్ల విజిటర్ వీసా మీద వెళ్లి ముందే సిటిజన్ అయిపోయింది!

ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతూ ఈ మాటే చెబితే మా పక్కింటాయన అడిగాడు: "ఏటి మాస్టారూ, అక్కడ డాక్టర్లు దేవుళ్లటగదా?"

దేవుళ్లే. కాకపోతే గుడి బిల్లు వేరు, పూజారి బిల్లు వేరు, స్కానింగు ఫోటో చూసినాయన బిల్లు వేరు. ఆ మూడో ఆయన మొహం మేమసలు చూడలేదు.

నవ్వుకోండి. నాకు మాత్రం ఆ రాత్రి గుర్తొస్తే నవ్వు రాదు. నొప్పి పదకొండింటికి మొదలైంది. మా ఆవిడ నాలుగింటి దాకా ఎవరికీ చెప్పలేదు. నేను లేచి చూసేసరికి బాత్రూంలో కింద కూర్చుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఉంది. ఆ సాయంత్రమే భోజనాల దగ్గర కోడలు ఎవరికో వచ్చిన అంబులెన్సు బిల్లు సంగతి చెప్పింది. అది విని, "అంబులెన్సు వద్దురా నాన్నా, కారు దాకా నడుస్తాను" అంటుంది, నిలబడలేక గోడ పట్టుకుని!

ఎమర్జెన్సీలో చూడరని కాదు. డబ్బులున్నా లేకున్నా చూడాలని 1986 నుంచి చట్టముంది. చూశాక ఎంత రాస్తారో ఆ చట్టం చెప్పదు. అనుకోని బిల్లుల నుంచి కాపాడతామని 2022లో ఇంకోటి అమల్లోకి తెచ్చారు, అందులో రోడ్డు మీద నడిచే అంబులెన్సునే వదిలేశారు. ఆ ఐదు గంటలు ఒక మనిషి తువ్వాలు కొరుక్కుని కూర్చుందే, అది ఏ కాలమ్‌లో రాస్తార్రా? రాయి వయసు అడగడానికి సిగ్గుండక్కర్లేదా?

2007లో ఆరోగ్యశ్రీ మొదటి విడత పెట్టిన మూడు జిల్లాల్లో మాదొకటి. అప్పట్లో తెల్ల కార్డుంటే చాలు. రోగం కార్డుకి ముందు పుట్టిందా తర్వాత పుట్టిందా అని అడగలేదు. వెనకబడిన జిల్లా అని మమ్మల్నే అంటారు. (ఇక్కడి క్యూల సంగతి నాకు తెలుసు. అది ఇంకోసారి తిడతాను.)

నిన్న రాత్రి మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. "నాన్నా, అమ్మ పాత చీటీలేమైనా ఉన్నాయేమో చూడండి, పదిహేను రోజులే గడువు." ట్రంకు పెట్టంతా వెతికితే ఒక్కటి దొరికింది, కళ్లజోడు నంబరు రాసిన చీటీ. అదే పంపమన్నాను. పైన పెన్నుతో పెద్దక్షరాల్లో రాశాను కూడా: 'ఇది రికార్డు కాదు.'