దించినవాడికే ఎత్తే బాధ

కంపెనీ ఇచ్చిన ఎత్తులోనే కారు నడుపుకునేవాళ్లను చూస్తే నాకు జాలి. హోండా సిటీ కొంటే నేలకూ బండికీ మధ్య 165 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి ఇస్తారు. అంత గాలి మనకెందుకు? అందుకే హైదరాబాదు కుర్రాళ్లు పొట్టి స్ప్రింగులు వేయించి, బొద్దింక కూడా తల వంచుకుని వెళ్లేలా చేస్తున్నారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకర్ అంటే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటుతో మన కాలనీవాళ్లు పోసే గట్టు ఆ లెక్కలోకి రాదు. కారు దాని మీదికి ఏటవాలుగా, పొట్ట గీరుకుంటూ ఎక్కుతుంటే వెనకాల హారన్లు. కళంటే తెలియని జనం! చట్టానికీ తెలియదు. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

ఇవన్నీ చిన్న కష్టాలు. అసలు పరీక్ష ఇంటి దగ్గర, ఆదివారం పొద్దున టైరు మార్చాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది. చిన్న చక్రాల మీద దొర్లే మామూలు ట్రాలీ జాకీ పూర్తిగా దించినా 13 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అది దూరాలంటే కారు ఎత్తాలి, కారు ఎత్తాలంటే అది దూరాలి. ఇలాంటి చిక్కుముడులకు మన దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు: నలుగురు స్నేహితులు. "అన్నా, ఒక్కసారి పట్టండన్నా" అనగానే తలా ఒక పక్క బంపర్ పట్టుకుంటారు. బంపర్ నిజంగానే లేస్తుంది. కారు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

నాలుగు సెంటీమీటర్ల మందం చెక్క పలక చక్రం ముందు వేసి, కారును మెల్లగా దాని మీదికి ఎక్కిస్తే సందు దానంతటదే వస్తుంది. లేదంటే ఎనిమిది సెంటీమీటర్ల సందులోనూ దూరే పొట్టి జాకీలు దొరుకుతాయి. కానీ స్ప్రింగులకు అంత పోసినవాడు చెక్క పలక కోసం టింబర్ డిపోకు వెళ్తే పరువేం కావాలి?

జాకీ దూరిందే అనుకుందాం. ఎక్కడ పెట్టాలి? మాన్యువల్లో గుర్తు వేసిన చోట, ముందు చక్రం వెనకో, వెనక చక్రం ముందో, అంచు కింద కనిపించే రేకు మడత దగ్గర పెట్టాలి. మడత నలగకుండా గాడి ఉన్న రబ్బరు ముక్క ఒకటి మధ్యలో ఉండాలి. మనవాడు మాన్యువల్‌ను కారు అమ్మేటప్పుడు చూపించడానికి కవరు కూడా తీయకుండా దాచాడు. కాబట్టి తలుపుల కింద అందంగా తగిలించిన ప్లాస్టిక్ పట్టీ, అదే సైడ్ స్కర్ట్, దాని కిందే జాకీ పెడతాడు. ప్లాస్టిక్ ఎంత బరువు మోస్తుందో వీధి మొత్తానికీ వినిపిస్తుంది.

ఇక హ్యాండ్‌బ్రేక్ మీద మనకున్న భక్తి. మన దగ్గర తిరిగే చాలా కార్లలో అది పట్టేది వెనక చక్రాలను. ఆ చక్రాలనే గాల్లోకి లేపితే, అది దేన్ని పట్టుకుంటుంది పాపం? ముందు చక్రాలకు అడ్డు పెట్టాల్సింది అప్పుడే. బండిని గేరులో ఉంచితే, అది చాలా కార్లలో ముందు చక్రాలను పడుతుంది, ముందు భాగం లేపిన రోజున అదీ పనికిరాదు. ఘాట్ రోడ్డు మీద లారీ ఆగగానే క్లీనర్ కిందికి దూకి చక్రం వెనక రాయి పెట్టేస్తాడు. అతనికి ఎవరూ వర్క్‌షాప్ పెట్టి నేర్పలేదు. మన అపార్ట్‌మెంట్ పార్కింగ్ నేల కాలువ వైపు వాలుగా ఉంటుందని మాత్రం, కారు కదిలాకే మనకు గుర్తొస్తుంది.

పైకి లేచాక కారు బరువు మోయడానికి కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. జాకీ లోపల ఉన్నది నూనె, రబ్బరు సీళ్లు. అది ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇక్కడ ఒక సంకీర్ణ ప్రభుత్వపు చిక్కుంది: జాకీకీ, స్టాండుకూ ఒకటే కుర్చీ కావాలి. పొడుగు చెయ్యి ఉన్న జాకీని ముందు నుంచి తోసి, చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనుప దూలం దగ్గర, అక్కడ ఎత్తొచ్చని మాన్యువల్ చెబితేనే సుమా, ఎత్తి పక్కల స్టాండ్లు పెడతారు తెలిసినవాళ్లు. తెలియనివాళ్లకు సిమెంటు ఇటుకలున్నాయి. సిమెంటు ఇటుక ముందుగా వంగదు, మూలగదు, హెచ్చరించదు. ఒక్కసారే పొడి అవుతుంది.

ఆ ఇటుక పక్కనే నిలబడి "ఏం కాదన్నా, దూరు" అనే పెద్దమనిషి ప్రతి వీధిలో ఉంటాడు. ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. ఆ మాటను వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించి, కారు కిందికి ముందు ఆయన్నే పంపాలి. స్పానర్ మనం అందిద్దాం.