కమ్యుటేషన్ గారికి ఓ రైల్వే పెన్షనరు లేఖ

మహారాజశ్రీ కమ్యుటేషన్ గారికి,

నమస్కారాలు. పెన్షన్‌లో కొంత భాగం వదులుకుని, దాని బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకునే ఏర్పాటే కదా తమరు! నేనిక్కడ క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, నెలనెలా నా పెన్షన్‌లోంచే తింటున్నారు కాబట్టి.

రిటైరైనప్పటి సెటిల్‌మెంట్‌లో గ్రాట్యుటీ, పీఎఫ్, 300 రోజుల దాకా లీవు డబ్బులు, ఇవన్నీ నా చెమటే. మీరొక్కరే నవ్వుతూ వచ్చి, "పెన్షన్‌లో 40 శాతం దాకా నాకు రాసివ్వు, పెద్ద మొత్తం చేతిలో పెడతా, పన్ను కూడా ఉండదు" అన్నారు. ఇంట్లో అందరికీ నచ్చేశారు. ప్లాటు చూసిపెట్టిన అల్లుడుగారికి మరీను.

ఇక తమ లెక్క. బేసిక్ పెన్షన్ 30 వేలైతే తమ వాటా 12 వేలు. దాన్ని ఏడాదికి కట్టి, 60కి రిటైరైతే వచ్చే పుట్టినరోజు 61 కాబట్టి ఆ వయసుకు తమ పట్టికలో రాసిపెట్టిన 8.194తో గుణిస్తే 11 లక్షల 80 వేలకు కాస్త తక్కువ. అది ఇచ్చి, నెలకు 12 వేల చొప్పున 15 ఏళ్లు కోస్తారు. వెరసి 21 లక్షల 60 వేలు! ఆరో పే కమిషన్‌కు ముందు ఇదే వయసుకు 9.81 ఇచ్చేవారట. అప్పట్లో తమకు కాస్త దయ ఉండేదన్నమాట.

న్యాయంగా ఒక మాట. డీఏ పూర్తి పెన్షన్ మీదే ఇస్తారు. నేను రేపు పోతే మిగిలిన బాకీ మా ఆవిడను అడగరు, ఫ్యామిలీ పెన్షన్ జోలికీ రారు. అంటే ఈ బేరంలో నేను గెలవాలంటే త్వరగా పోవడమొక్కటే దారి. రైల్వే ఆసుపత్రి డాక్టరుగారు రోజూ నడవమంటున్నారు. ఆయన మీ మనిషేమోనని నా అనుమానం.

ఒకప్పుడు ఈ కోత ప్రాణం ఉన్నంత కాలం సాగేదట. 1986 నాటి సుప్రీంకోర్టు తీర్పు 15 ఏళ్ల దగ్గర ఆపింది. అయిదో పే కమిషన్ 12 ఏళ్లు చాలంది, సర్కారు చెవికెక్కలేదు.

తిట్టుకుందామంటే దానికీ తోడు దొరకడం లేదు. 2004 జనవరి 1 నుంచి చేరిన మా కుర్రాళ్లను, ఇంత పెన్షనని హామీ లేని ఎన్‌పీఎస్‌లో వేశారు. వాళ్ల ముందు మీ మాటెత్తితే, "కోయడానికైనా మీకో పెన్షన్ ఉంది కదా బాబాయ్" అంటున్నారు.

సరే, 75 నిండాక కోత ఆపే నెల బ్యాంకువాళ్లకు మీరే గుర్తుచేయండి. నాకెలాగూ గుర్తుంటుంది, వాళ్ల సంగతే చెప్పలేం.

ఇట్లు,
40 శాతం మేరకు తమ విధేయుడు