కర్నూలు బద్ధకస్తులకు గట్టి హెచ్చరిక

ఊళ్లో బద్ధకానికి ముప్పొచ్చింది. పొద్దున్నే అవుట్‌డోర్ స్టేడియంలో బూట్లేసుకున్న జనం కనబడుతున్నారు. లేచి బయల్దేరడంలో ఏం మేలుందో మన ఊరికి తెలియంది కాదు. 1953 అక్టోబర్ 1న ఇక్కడికొచ్చిన రాజధాని 1956లో లేచి హైదరాబాదుకు పోయింది. ఉన్నచోటు నుంచి కదలని కొండారెడ్డి బురుజుకే ఇప్పటికీ ఫొటోలు, సెల్ఫీలు.

బద్ధకం దానంతటది నిలబడదు. ఫోన్ ఛార్జర్ దిండు పక్కనే ఉండాలి. హాల్లో పెట్టినారా, అలారం ఆపడానికి లేవాల్సొస్తుంది. పది అడుగులు వేసిన మనిషికి మళ్లీ నిద్ర పట్టదు. చేతికందేలా ఉంటే, తొమ్మిది నిమిషాల స్నూజ్ నాలుగుసార్లు నొక్కినా 36 నిమిషాలు లాభం. మే నెలలో ఆలోపు ఎండెక్కుతుంది, తప్పు సూర్యుడిదవుతుంది. బూట్లు అటక మీదుండాలి. రాత్రే గడప దగ్గర పెట్టుకునేవాళ్లు ఇంటి గుట్టు శత్రువుకిచ్చినట్టే.

మోటివేషన్ వీడియోలకు భయపడొద్దు, అవి మన పక్షమే. ఐదింటికి లేవడం ఎట్లా అనే వీడియో రాత్రి పన్నెండున్నర దాకా చూస్తే తెల్లారి లేచే ప్రమాదం ఉండదు. సగం పని అయిపోయిందన్న తృప్తి అదనం.

అసలు ప్రమాదం 'రెండు నిమిషాలే కదా' అనే మాటతో. చిన్నగా మొదలైన పని ఆగదు. కాబట్టి తీర్మానాలు భారీగా ఉండాలి: ఉగాది నుంచి రోజూ పది కిలోమీటర్లు, చక్కెర బంద్. మూడో రోజుకు పిక్కలు పట్టేస్తాయి, నాలుగో రోజు పరువుగా విరమించొచ్చు. 'కాఫీ తాగినాక పది నిమిషాలు' అని పాత అలవాటుకు ముడేసినవాళ్లు మాత్రం మన చేయి దాటిపోతారు. పక్కింటాయనకు మాటిస్తే ఇంకా ఘోరం. ఐదున్నరకు గేటు దగ్గర నిలబడి "ఏమప్పా, లేసినావా?" అని వీధంతా వినబడేలా అరుస్తాడు.

పంచాంగం మన చేతిలోని ఆయుధం. సోమవారం 7.30 నుంచి 9 దాకా రాహుకాలం, 10.30 నుంచి 12 దాకా యమగండం. మధ్యలో మిగిలిన గంటన్నర టీకి, పేపరుకే చాలదు. మంగళవారం సంగతి చెప్పక్కర్లేదు, మంగళవారమే చాలు.

ఇన్నీ విఫలమై నడకకు పోవాల్సొస్తే, చివర్లో ఉగ్గాణి ఉంది. బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండాలి. ఇక్కడ మాత్రం బద్ధకిస్తే ముద్దైపోతాయి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టాలి. అరగంట నడకకు కరిగేది మహా అయితే 150 కేలరీలు. ప్లేటు సగమయ్యేసరికే అవి వెనక్కొచ్చేస్తాయి. స్టేడియం నుంచి బజ్జీల బండి దాకా ఆటోలోనే పోండి, నడిచినారంటే ఆ పది నిమిషాలు లెక్కలో పడతాయి.