షెలోమీతు కొడుకుది ఏ గోత్రం?

బైబిల్లో షెలోమీతు అన్న పేరు అరడజను మందికైనా ఉంది. సండే స్కూల్లో మాత్రం వాళ్ళలో ఒక్కరి గురించీ చెప్పరు. సొలొమోను రాజు కొడుకు రెహబాము సంతానంలో ఒకరు, దావీదు యుద్ధాల్లో తెచ్చి దేవుడికి ప్రతిష్ఠించిన సొమ్ముకు అధికారి ఒకాయన, గుడి సేవ చేసే లేవీయుల్లో ఇంకొకరు. మన ప్రసన్న, కిరణ్ లాగా ఆడా మగా ఇద్దరికీ చెల్లే పేరు. షాలోమ్ అన్న మాటా, సొలొమోను పేరూ పుట్టిన ధాతువే దీనిదీ. శాంతి, క్షేమం అని అర్థం.

యూదులు బబులోను చెర నుంచి తిరిగొచ్చాక యూదాకు అధికారిగా ఉన్న జెరుబ్బాబెలు కూతురిదీ ఇదే పేరు. 1976లో పురావస్తు పండితుడు నహ్మాన్ అవిగాద్ ప్రకటించిన పాత ముద్రల్లో ఒకదాని మీద, షెలోమీతు అన్నావిడ అధిపతి ఎల్నాతానుకు 'ఆమా' అని ఉంది; ఆవిడ ఈ కూతురే కావచ్చని కొందరంటారు. ఆమా అంటే దాసి. ఇక్కడ ఉద్యోగినా, భార్యా అని పండితులు తగువు పడుతూనే ఉన్నారు. సొంత ముద్ర ఉన్న మనిషి ఉత్త పనిమనిషి అయి ఉండదని నా లెక్క.

నా మనసులో పడి పోనిది మాత్రం లేవీయకాండము 24లో ఉన్నావిడ. 27 అధ్యాయాల ఆ పుస్తకంలో పేరు చెప్పిన స్త్రీ ఆవిడ ఒక్కతే. ఇశ్రాయేలీయుల తెగల్లో ఒకటైన దాను గోత్రికుడు దిబ్రీ కూతురు. బిడ్డ తండ్రి ఐగుప్తీయుడు, అంటే ఈజిప్టువాడు. కొడుకు పాళెంలో ఒక ఇశ్రాయేలీయుడితో పోట్లాడి, ఆ కోపంలో దేవుడి నామాన్ని దూషించాడు. రాళ్ళతో కొట్టి చంపారు. తప్పు చేసిన కొడుకు పేరు రాయలేదు, తండ్రి పేరూ రాయలేదు. తల్లి పేరు మాత్రం పుట్టింటివాళ్ళ పేరుతో సహా రాసిపెట్టారు.

అది చాలదన్నట్టు, 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న వ్యాఖ్యాత రాషీ పాత వ్యాఖ్యానాల్లోంచి ఒక మాట తెచ్చాడు. కనబడ్డవాళ్ళందరినీ 'షాలోమ్, షాలోమ్' అని పలకరించే వసపిట్ట కాబట్టే ఆవిడ షెలోమీతు అట! అంటే పలకరించడమే ఆవిడ చేసిన పాపం. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, దారినపోయే ప్రతివాళ్ళనీ "ఏవమ్మా, అన్నం తిన్నావా?" అని అడిగేది. రాషీ కంట పడలేదు, బతికిపోయింది.

అయితే ఆ వ్యాఖ్యానాల్లోనే మరో కథ ఉంది. ఆ కుర్రాడు దాను గోత్రం వాళ్ళ మధ్య డేరా వేసుకోబోయాడట. నీకిక్కడేం పని అన్నారు వాళ్ళు. మా అమ్మ మీ పిల్లే అన్నాడు. తండ్రి ఇంటిని బట్టే చోటు అన్నారు. ఇశ్రాయేలీయుల నాయకుడు మోషే దగ్గరికి వెళ్తే తీర్పు వాడికి వ్యతిరేకంగానే వచ్చింది. దూషణ ఆ తర్వాతే. దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ డేరాకి జానెడు చోటిచ్చి ఉంటే అంతదాకా వచ్చేదా? హెబ్రీ తెగలకి మన అనువాదకులు 'గోత్రం' అన్న మాటే వాడారు. మన గోత్రమూ తండ్రి నుంచి వచ్చేదేగా.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఒకచోట పిల్లల పద్యాల పోటీకి మా మనవణ్ణి తీసుకెళ్ళాను. మా అల్లుడు మెక్సికో మనిషి. పిల్లాడు మూడు వేమన పద్యాలు తడుముకోకుండా చెప్తాడు, 'ళ' కూడా సరిగ్గా పలుకుతాడు. ఫారంలో 'తండ్రి స్వస్థలం, జిల్లా' అని ఒక గడి. తల్లికి గడి లేదు. బల్ల దగ్గరున్న కుర్రాడు మంచివాడే. "ఏదో ఒక జిల్లా రాసేయండి ఆంటీ, ఎవరు చూస్తారు?" అన్నాడు.

అబద్ధం రాయమని పిల్లాడి ముందే చెప్తున్నాడు. ఇలాంటి పోటీలు పెట్టే మన తెలుగు సంఘాలన్నీ ఈ గడి మార్చాలి. తల్లిదో తండ్రిదో, ఎవరి ఊరైతే ఏం?

'తండ్రి' కొట్టేసి, పైన 'తల్లి' అని రాసి, నిడదవోలు అని నింపి ఇచ్చాను. దీన్ని కంప్యూటర్లోకి ఎలా ఎక్కించాలో తెలీక ఆ కుర్రాడు తల గోక్కుంటూ కూర్చున్నాడు.