తెర మీద మేరీ, ఊళ్ళో మరియమ్మ

ఒంగోలులో ఒక టీ కొట్టు దగ్గర ముగ్గురు కుర్రాళ్ళు ఒకే ఫోన్ మీదికి వంగి పగలబడి నవ్వుతున్నారు. రీల్‌లో తెల్లచొక్కా వేసుకున్న ఒకతను పాస్టరు గొంతు అనుకరిస్తున్నాడు. దొర ఇంగ్లీషులో ఒక ముక్క అంటాడు, పక్కనున్న అనువాదకుడు అంతకు రెండింతలు అరుస్తాడు, చివర్లో “హల్లెలూయా”. రెండు పాత్రలూ అతనే. నిజం చెప్పాలంటే బాగానే చేశాడు, నాకూ నవ్వొచ్చింది. అంతలో ఆ ముగ్గురిలో ఒకడి జేబులో ఫోన్ మోగింది. రింగ్‌టోన్ ఏదో యేసు పాట. మొదటి మాట పూర్తి కాకముందే కట్ చేశాడు. “మా అమ్మరా” అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

ఎందుకంత తొందరపడ్డాడు? నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవం నిన్నగాక మొన్న వచ్చింది కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు చేరింది 1840లో. ఇన్నేళ్ళయినా మన సినిమాకి, టీవీకి, ఇప్పుడు ఫోన్‌కి ఇక్కడి క్రైస్తవుడు ఆనడం లేదు. వాటికి కనిపించేది ఇద్దరే: వేరే చోటి నుంచి వచ్చినవాళ్ళు, నిన్న మతం మారినవాళ్ళు.

ముందు సినిమా సంగతి. ‘మిస్సమ్మ’ (1955) అంటే నాకు ప్రాణం, అందుకే దాన్నే మొదట పట్టుకుంటున్నా. సావిత్రి వేసిన మేరీని ఆ సినిమా ఎక్కడా చిన్నచూపు చూడదు. ఆమె మేరీమాతకు మొక్కుకుంటే చూసేవాళ్ళ కళ్ళూ చెమ్మగిల్లుతాయి. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాల్లా నటించిన ఇద్దరూ చివరికి ఒకరినొకరు ఇష్టపడతారు. మరి మతం? కాలి మీది పుట్టుమచ్చతో ఆ ముడి విడిపోతుంది. మేరీ చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు గారి అమ్మాయి మహాలక్ష్మి అని తేలుతుంది. పెంచిన క్రైస్తవ తల్లిదండ్రులు మంచివాళ్ళే, కానీ కథ ఒడ్డున పడాలంటే మేరీ పుట్టుకతో మేరీ కాకూడదు. ఇందులో ద్వేషం లేదు. సరదాగా, ప్రేమగా చెప్పిన కథ కాబట్టే మనలో అంత లోతుకు దిగింది.

ఆ తర్వాత రాబర్టులూ పీటర్లూ విలన్ల పక్కన చేరారు, రీటాలూ లిల్లీలూ క్లబ్బుల్లో డ్యాన్స్ చేశారు. అది అందరికీ తెలిసిందే. 2010లో ‘ఏ మాయ చేసావె’లో జెస్సీ వచ్చేసరికి ఆ మొరటుదనం పోయింది. జెస్సీ చదువుకున్న, సొగసైన అమ్మాయి. కానీ మలయాళీ. పడవలు, నీళ్ళు, కొబ్బరిచెట్ల మధ్య చర్చి, అన్నీ కంటికి ఇంపుగా ఉంటాయి. కనిగిరి జెస్సీని, కందుకూరు జెస్సీని మాత్రం నేను పెద్ద తెర మీద చూడలేదు.

కారణం అందం ఒక్కటే అనుకోను. అమ్మాయి అలెప్పీ నుంచి వస్తే అబ్బాయి ఇంట్లో గొడవ మతం దగ్గర ఆగుతుంది. కనిగిరి నుంచి వస్తే మొదటి ప్రశ్న మతం గురించి ఉండదు. “ఏమిట్లు?” అంటారు, అంటే ఏ కులమని. ఆ ప్రశ్న పడిందంటే సినిమా వేరే సినిమా అయిపోతుంది. మా జిల్లాల్లో క్రైస్తవుల్లో ఎక్కువమంది మాదిగ, మాల పల్లెలవాళ్ళు. వాళ్ళను చూపించాలంటే కులాన్ని చూపించాలి. దాన్ని దాటెయ్యడానికి కేరళ బాగా పనికొచ్చింది.

వీటికి పక్కగా నిలబడే సినిమా ‘కరుణామయుడు’. 1978లో వచ్చింది. విజయచందర్ యేసుగా కనిపించిన ఆ సినిమాని జనం పౌరాణికం చూసినట్టే చూశారు, పల్లెల్లో తెల్లగుడ్డ కట్టి ఆడిస్తే అన్ని వీధులవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. అదే నటుడు 1986లో షిరిడీ సాయిబాబా అయ్యాడు. ‘కరుణామయుడు’లో కరుణరథం పాట పాడిన ఎస్పీ బాలు మా నెల్లూరు మనిషి, హరికథలు చెప్పే సాంబమూర్తి గారి కొడుకు. 2020లో నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చాడు. ఆ పాట పాడినందుకు ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు, ఆ ఇల్లు ఇచ్చినందుకు ఈ పాట వినడం ఎవరూ మానలేదు. ఈ పాత అలవాటు ఎక్కడికీ పోలేదు. ఫోన్‌లో దానికి వ్యూస్ రావు, అంతే.

‘కరుణామయుడు’కి సరిగ్గా వందేళ్ళ ముందు ఇక్కడ జరిగింది మాత్రం ఏ తెరకీ ఎక్కలేదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే ఏడాదికి పైగా ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన భయం. సాయం పంచడం అయిపోయాక, 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొరలు కాదు, తెలుగు బోధకులే ఇద్దరిద్దరు చొప్పున మార్చి మార్చి నీళ్ళలో నిలబడి ఇచ్చారు.

కరువు సాయం మనసులు మార్చలేదని వాదించను. కష్టంలో పక్కన నిలబడ్డవాణ్ణి ఎవరైనా నమ్ముతారు. అయితే దానికి పదేళ్ళ ముందే ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి, అంతకుముందు యోగం నేర్చుకున్నవాడు, తన చుట్టాల పల్లెల్లో తిరిగి ఈ మతం చెప్పాడు. అది పాకింది వియ్యపు దారుల్లో, తోళ్ళ బేరాల్లో. బియ్యం సంచి ఇస్తే మారారు అనే రెండు ముక్కల తిట్టులో పేరయ్యకు చోటేది?

మీడియాకు ఇలాంటివి చెప్పడం రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. నెల్లూరు రొట్టెల పండగ చూడండి. స్వర్ణాల చెరువులో హిందువులూ ముస్లింలూ రొట్టెలు మార్చుకుంటుంటే ఛానెళ్ళన్నీ ఓబీ వ్యాన్లు దింపుతాయి. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, వీసా రొట్టె అని యాంకర్ మురిపెంగా చెబుతుంది. చెప్పాల్సిందే. ఒంగోలులో మాత్రం, 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలు జ్యూయెట్ దంపతులతో పాటు నర్సు, జూలియా, రూత్ అనే ముగ్గురు తెలుగువాళ్ళు ప్రార్థన చేసిన కొండ ఊళ్ళోనే ఉంది. దాని ముందు నుంచి రోజూ పోయే విలేకరులకు అది వార్త కాదు.

జిల్లా పేజీలో క్రైస్తవులకు ఏడాదికి రెండు ఫోటోలు ఖాయం. గుడ్‌ఫ్రైడే రోజు సిలువ మోస్తున్న ఫోటో, డిసెంబరులో ఎమ్మెల్యే కేకు కోస్తున్న ఫోటో. మిగతా రోజుల్లో పేజీలో చోటు దొరికితే ‘మత మార్పిడి’ అన్న మాట కిందే. టీవీ చర్చల్లో అయితే అంకెల పేచీ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. అంతకన్నా ఎక్కువ ఉన్నారు, దాస్తున్నారు అని ఒకాయన గొంతు చించుకుంటాడు. దాచడం ఎందుకొచ్చిందో నిమిషం ఆగి చెప్పడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీ మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తాడు, రిజర్వేషన్ ఒక్క శాతం. పల్లెలో మాత్రం అతని ఇల్లు అదే వీధిలో, కులం పేరుతో పిలుపూ అదే. అందుకే ఆధార్‌లో మాలకొండమ్మ, చర్చి పుస్తకంలో మరియమ్మ. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. చట్టం, ఊరు ఆమెను చెరోవైపు లాగితే ఆమె రెండు పేర్లతో సర్దుకుంది అని నాకు అనిపిస్తుంది.

ఇక ఫోన్ లోకం. అక్కడ క్రైస్తవులకు పెట్టిన పేరు ‘గొర్రెలు’. బైబిల్లో కాపరి, మంద అన్న పోలికని తీసుకెళ్ళి తిట్టు చేశారు. “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు” అన్న వాక్యం చదువు రాని ముసలమ్మలకు కూడా నోటికొచ్చు. రేపటి కూలి దొరుకుతుందో లేదో తెలియని ఇంట్లో ఆ ‘లేమి’ అన్న మాట ఎంత బరువో కామెంటు పెట్టేవాడికి తెలియదు. ఆ భాష పాతది, గ్రాంథికం కలిసింది, అందుకే అనుకరించడం తేలిక.

అలాగని తప్పంతా అవతలివాళ్ళ మీద తోసెయ్యలేం. డ్రమ్ సెట్, కీబోర్డు, ఒక ఫోన్ ఉంటే చాలు, లైవ్ మొదలు. ఒక ప్రార్థనతో షుగర్ పోయిందంటారు, కుంటివాడు పరుగెత్తాడంటారు. ఇంకొందరు పక్కింటివాళ్ళ దేవుళ్ళను వెక్కిరిస్తారు. ఆ క్లిప్పును కత్తిరించి అటువైపు ఛానెల్ ఒకటి వారం రోజులు నడుపుతుంది, దానికి జవాబుగా వీళ్ళు ఇంకోటి పెడతారు. ఇద్దరికీ సబ్‌స్క్రైబర్లు పెరుగుతారు. ఈ గోలలో పేరయ్య గురించి క్రైస్తవ ఛానెళ్ళూ చెప్పవు. క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి రాగతాళాలతో కట్టిన కీర్తనలు పాత కీర్తనల పుస్తకంలోనే ఉండిపోయాయి. జాషువ అనగానే ‘గబ్బిలం’ అంటాం. ఆయనకు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది ‘క్రీస్తు చరిత్ర’ అని మా వైపు పాస్టర్లలోనే ఎంతమంది చెబుతారో చూడాలి.

మొన్నామధ్య మా వీధిలో ఒక పెద్దామె ఇంటికి వెళ్ళా. మిరపకాయల తొడిమలు తీస్తూ టీవీ ముందు కూర్చుంది. గోడకు బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు. స్క్రీన్‌లో నాలుగు గడులు, నలుగురూ ఒకేసారి అరుస్తున్నారు. విదేశీ డబ్బు, కుట్ర, మార్పిడి అని కింద ఎర్ర పట్టీలు పోతున్నాయి. కాసేపు చూసి అడిగింది, “ఎవురి గురించి నాయనా వీళ్ళు మాట్లాడేది?”

“మన ఊళ్ళ చర్చిల గురించే పెద్దమ్మా.”

“మనయ్యా?” అని మళ్ళీ స్క్రీన్ వైపు చూసింది. తర్వాత రిమోట్ నా చేతికిచ్చి, సీరియల్ వచ్చే టైమైంది, మార్చమంది.