బంగారు చేనిలో ఇంటిదొంగలు

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, లాస్ వేగాస్ నుంచి రీనో వెళ్లే దారిలో, సుమారు 5,700 అడుగుల ఎత్తున, చెట్టూ నీడా అరుదైన ఎడారిలో గోల్డ్‌ఫీల్డ్ అనే ఊరుంది. ఆ పేరుకు అర్థం బంగారు చేను. పంట మాత్రం ఒక్క కారే పండింది. 1902లో బంగారం బయటపడగా, నాలుగైదేళ్లలో దాదాపు 20,000 మంది చేరి దానిని నెవాడాలోకెల్లా పెద్ద ఊరిని చేశారు. ఇప్పుడు మూడు వందల మందైనా లేరు. పురపాలక సంఘం లేదు, మేయరు లేడు. ఊరి మంచిచెడ్డలు ఎస్మెరాల్డా కౌంటీ అధికారులే చూస్తారు. ఆ కౌంటీకి ముఖ్యపట్టణం కూడా ఇదే. తనను తాను ఏలుకోని ఊరు కౌంటీకి పెద్దగా ఉండటమేమిటని, మన ఇళ్లలో పెద్దరికాలు నడిచే తీరు ఎరిగినవారెవరూ అడగరు.

ఈ ఊరి చరిత్రలో తీవ్రంగా ఖండించవలసిన విషయం కూలీల దొంగతనం. అక్కడి ఖనిజం ఎంత మేలురకమంటే, గని దిగినవాడు చొక్కాలోపలి జేబులోనో, అన్నం డబ్బాలోనో నాలుగు రాళ్లు వేసుకొస్తే దినకూలికి ఎన్నో రెట్లు గిట్టేది. కొనుక్కోవడానికి ఖనిజ పరీక్ష దుకాణాలు సిద్ధంగా ఉండేవి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు చేతులెత్తేశారు గాని, అక్కడి కంపెనీలు ఈశ్వరునికి తోచని ఉపాయం కనిపెట్టాయి: షిఫ్టు దిగినవాడు ఒక గదిలో బట్టలన్నీ విప్పి, మరో గదిలో వేరే బట్టలు కట్టుకొని పోవాలి.

యజమానుల విషయం వేరు. జూదపు బల్లల దగ్గర పేకముక్కలు పంచి పైకొచ్చిన జార్జ్ వింగ్‌ఫీల్డ్, బ్యాంకరూ సెనేటరూ అయిన జార్జ్ నిక్సన్ కలిసి 1906లో మంచి గనుల్లో చాలావాటిని ఒకే కంపెనీ కిందికి తెచ్చారు. దీనిని దూరదృష్టి అంటారు. మరుసటి ఏడాది బ్యాంకులు తలకిందులైనప్పుడు, కూలి నగదుగా కాక, తరువాత ఇస్తామన్న హామీ కాగితాలుగా తీసుకోండన్నారు. దీనిని సర్దుబాటు అంటారు. కూలీలు సమ్మె కట్టగా గవర్నరు కబురుపై అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సైన్యాన్ని పంపాడు. సైన్యం దిగీదిగగానే యజమానులు కూలి తగ్గించారు. అంతటి అల్లకల్లోలమేదీ అక్కడ లేదని రూజ్‌వెల్ట్‌కు తరువాత నమ్మకం కుదిరింది. పాపం, ఆయనను ఏ గదిలోనూ నిలబెట్టి ఎవరూ సోదా చేయలేదు.

సొమ్ము పంపకంలో ఆ ఊరిది మొదటినుంచీ ఒకటే పద్ధతి. 1906 సెప్టెంబరులో అక్కడ జో గాన్స్, బ్యాట్లింగ్ నెల్సన్ 42 రౌండ్లు ముష్టియుద్ధం చేశారు. 30,000 డాలర్ల బహుమతిని బంగారు నాణేలుగా పేర్చి జనానికి చూపారు. గెలిచినవాడు గాన్స్, ఎక్కువ సొమ్ము ముట్టినవాడు నెల్సన్. గాన్స్ నల్లజాతివాడని వేరే చెప్పాలా?

ఆపైన బంగారం తరిగింది, 1913లో వరద వచ్చింది, 1923లో అగ్నిప్రమాదం ఊరిలో చాలా భాగాన్ని కాల్చేసింది. అది దొంగసారా బట్టీ పేలి అంటుకున్నదని చెబుతారు. 1908 నాటి నాలుగంతస్తుల హోటలు మాత్రం, అతిథులు లేకపోయినా, ఇంకా నిలబడే ఉంది.

కాడు రమ్మంటోంది, ఊరు పొమ్మంటోంది అని సామెత. గోల్డ్‌ఫీల్డ్ వైభవ దినాల్లో కాటినే పొమ్మన్నారు. రైలు దిగినవారికి ఎదురుగా సమాధులు కనబడటం బాగుండదని శవాలను తవ్వించి దూరంగా మళ్లీ పూడ్పించారు. ఇప్పుడు ఆ శ్మశానానికే సందర్శకులు వెళ్తారు, అందులోనూ ఒక సమాధి కోసం: 1908 జులై 14న, పేరు తెలియని మనిషి, కాగితాలు అతికించే జిగురు తిని చనిపోయాడని దానిమీద ఉంటుంది. అతడెవరో రాయలేదు గాని ఏం తిన్నాడో రాశారు. ఆ ఊళ్లో మిగతావాళ్లు ఎంత తిన్నారో ఏ రాతి మీదా లేదు.